పన్నెండు కుట్ల మేజోడు

(క్రోషే, అంటే హుక్‌తో దారం అల్లే పని, నేర్చుకుంటున్నవారి సమావేశంలో చేసిన ప్రసంగానికి రాత రూపం. మాట తీరును వీలైనంతవరకు మార్చలేదు.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినబడుతోందా? సరే. వినబడుతుంది గానీ కనబడదు, అదీ ఇవాళ్టి చిక్కు. నా చేతిలో ఉన్నది ఇదిగో, బొటనవేలికి తొడుక్కుంటే సరిపోయేంత మేజోడు. ఎత్తు ఆరు సెంటీమీటర్లకు కాస్త అటూఇటూ. క్రిస్మస్ చెట్టు కొమ్మకి వేలాడదీసేది. దీని గురించి ఇంతసేపు మాట్లాడతానంటే మా ఇంట్లోవాళ్లే నవ్వారు. ఒకటి ముందు వరసలోంచి వెనక్కి పంపిస్తున్నాను, చూస్తూ వినండి. ఎవరి బొటనవేలికైనా తొడిగి ఉండిపోతే మాత్రం వెళ్లేటప్పుడు తిరిగి ఇచ్చేయండి.

మొదటిసారి ఇలాంటిది అల్లినప్పుడు నేను మహా తెలివిగా ఒక అడ్డదారి కనిపెట్టాను. పొడుగ్గా ఒక గొట్టం అల్లేసి, మధ్యలో వంచి, ఆ వంపు దగ్గర నాలుగు కుట్లు బిగించి ఆపేశాను. ఒక కొస మూసేశాను, రెండో కొసకి తెల్లటి అంచు వేశాను. పావుగంటలో పని అయిపోయింది. ఎంత మురిసిపోయానంటే వెంటనే పట్టుకెళ్లి మా పిన్నికి చూపించాను. నాకు హుక్ పట్టుకోవడం నేర్పింది ఆవిడే. అటు తిప్పింది, ఇటు తిప్పింది, కళ్లజోడు పైకి తోసుకుని మళ్లీ చూసింది. "బాగానే ఉంది గానీ, మడమేదే?" అంది. నేను ఆ వంపు చూపించాను. "అది మడమెలా అవుతుందే, ప్లంబర్ పెట్టే ఎల్బోలా ఉంటే!" అంది.

(నవ్వులు)

నాకు భలే కోపం వచ్చింది. ఇంటికొచ్చి చూసుకుంటే నిజంగానే ఎల్బో. ఎర్ర రంగు పైపు ముక్క. ఆ రోజు నుంచి ఎక్కడ ఇలాంటి బొమ్మ మేజోడు కనిపించినా ముందు వెనక్కి తిప్పి మడమ చూడ్డం నాకు అలవాటైంది. అంచుకి ఎన్ని ముత్యాలు కుట్టినా, ముందువైపు ఎన్ని మంచు చుక్కలు వేసినా, మడమ లేకపోతే అది గొట్టమే. నేను ఇవాళ చెప్పబోయేదంతా ఆ మడమ చుట్టూనే తిరుగుతుంది. మిగతావి దారిలో వస్తాయి.

ఈ మేజోడు వేలాడదీయడం ఎక్కడినుంచి వచ్చిందో ఒక్క మాట చెప్పి పనిలోకి దిగుదాం. నాలుగో శతాబ్దంలో మైరా అనే ఊళ్లో నికొలస్ అని ఒక బిషప్ ఉండేవాడు. మైరా ఇప్పటి టర్కీలో ఉంది. ముగ్గురు ఆడపిల్లలున్న ఒక పేద తండ్రికి, పిల్లల పెళ్లిళ్లు ఎలా చెయ్యాలో తెలియని స్థితిలో, ఆయన రాత్రిపూట ఎవరికీ తెలియకుండా కిటికీలోంచి బంగారం మూటలు విసిరాడని ఐతిహ్యం. ఆ కథ చెప్పుకుంటూ పోగా పోగా, ఆరేసిన మేజోడులో మూట పడిందని కూడా చేరింది. అప్పుడు ఆరేసినవి రోజూ కాళ్లకి వేసుకునేవే. అలంకారం కోసం ప్రత్యేకంగా తయారుచేసుకోవడం చాలా తర్వాతి సంగతి. కొమ్మకి తగిలించే ఈ బుల్లి మేజోడు ఆ అలంకారానికి మళ్లీ అలంకారం. కథ ఇంతే, దీనికోసం మీరు హుక్ కొనుక్కోలేదు కదా.

హుక్ అన్నాను కాబట్టి అక్కడినుంచే మొదలుపెడతాను. క్రోషే అనే ఫ్రెంచి మాటకి అర్థమే చిన్న కొక్కెం. ఊలుతో రెండు సూదుల అల్లిక చేసేవాళ్లకి సూది మీద ఎప్పుడూ బోలెడు ఉచ్చులు ప్రాణాలతో ఉంటాయి, ఒకటి జారితే కిందిదాకా జారుకుంటూ పోతుంది. మనకి ఎప్పుడూ ఒక్కటే ఉచ్చు. హుక్ తీసి, ఆ ఒక్క ఉచ్చుని కాస్త పెద్దది చేసి వదిలేసి, పది రోజుల తర్వాత వచ్చినా అది అక్కడే ఉంటుంది. ఇంకో సంగతి. సూదుల అల్లికకి మరలు ఎన్నో వచ్చాయి గానీ, మనం చేత్తో వేసే ఈ క్రోషే కుట్లని ఉన్నవి ఉన్నట్టు వేసే మర ఫ్యాక్టరీల్లో లేదు. ఎక్కడైనా క్రోషే వస్తువు కనిపించిందంటే, ఎంత చవగ్గా అమ్ముతున్నా సరే, ఎవరో ఒకరు కూర్చుని అల్లిందే. బేరమాడే ముందు అది గుర్తుకొస్తే బావుంటుంది. సరే, అది వేరే ప్రసంగం.

దారం ఏది తీసుకోవాలి? నేర్చుకునేవాళ్లు నూగు లేని దారం తీసుకోండి. మెత్తగా పిల్లిపిల్లలా ఉండే దారం కొట్లో చేతికి తగిలితే వదలబుద్ధి కాదు, నాకు తెలుసు. కానీ ఆ నూగులో కుట్టు ఎక్కడుందో కనబడదు. మన మేజోడు చుట్టుకొలత మొత్తం పన్నెండు కుట్లు. దుప్పటి అల్లుతూ వంద కుట్లలో ఒకటి పోగొట్టుకుంటే దేవుడు కూడా కనిపెట్టడు. పన్నెండులో ఒకటి పోతే మేజోడు కుంటుతుంది. కాబట్టి కాటన్ గానీ నునుపుగా ఉండే ఆక్రిలిక్ గానీ మంచిది. కాటన్‌లో కుట్టు గీసినట్టు కనిపిస్తుంది కానీ అది సాగదు, కొత్త చేతికి కాస్త మొండిగా ఉంటుంది. ఆక్రిలిక్ తప్పుల్ని క్షమిస్తుంది. ఇస్త్రీపెట్టెని మాత్రం క్షమించదు, ఆ కథ చివర్లో చెబుతాను.

హుక్ సైజు దగ్గర ఒక చిన్న తిరకాసు ఉంది. దారం ఉండ మీద ఉండే చీటీలో ఏ హుక్ వాడాలో రాసి ఉంటుంది. అది శాలువాల కోసం, స్వెట్టర్ల కోసం చెప్పిన కొలత. ఒంటికి వేసుకునేది మెత్తగా జారాలి కదా. మనది నిలబడాలి. అందుకని చీటీలో 4 మిల్లీమీటర్లు అని ఉంటే నేను 3.5 తీసుకుంటాను, ఒక్కోసారి 3 కూడా. అల్లిక దట్టంగా వస్తుంది, కుట్ల సందుల్లోంచి వెలుతురు రాదు, మేజోడు తనంతట తాను ఆకారం నిలబెట్టుకుంటుంది. లోపల దూది కుక్కాల్సిన అవసరం రాదు.

ఇక టెన్షన్. క్రోషేలో టెన్షన్ అంటే దారం బిగువు. మనకి మామూలుగా ఉండే టెన్షన్ వేరే. విచిత్రమేమిటంటే ఆ రెండోది పెరిగితే మొదటిది కూడా పెరుగుతుంది. కొత్తవాళ్ల మేజోళ్లు రాయిలా రావడానికి కారణం అదే. భయంతో దారాన్ని వేలికి మూడు చుట్లు చుట్టి గట్టిగా లాగి పట్టుకుంటారు. ఒక ఏడాది నేను డిసెంబర్ 1 నుంచి 24 దాకా రోజుకొకటి విప్పే క్యాలెండర్ కోసం ఇరవై నాలుగు మేజోళ్లు అల్లాను. మొదట్లో ఎక్కడ తప్పుతుందోనని బిగించి బిగించి వేశాను. పదో దానికి చెయ్యి వదులైంది. ఇరవయ్యో దానికల్లా సగం నిద్రలో అల్లుతున్నాను. అన్నీ వరసగా పెట్టి చూస్తే మెట్లలా ఉన్నాయి! ఒకటో తేదీది ఐదు సెంటీమీటర్లు, ఇరవై నాలుగోది దాదాపు ఏడు. అదే దారం, అదే హుక్, అదే లెక్క. విప్పే ఓపిక లేదు. అంకెల్ని కలగాపులగంగా అతికించేశాను, పెద్దదాని పక్కన చిన్నది వచ్చేట్టు. చూసినవాళ్లందరూ కావాలనే అలా చేశాననుకున్నారు. నేనూ అవునన్నాను.

(నవ్వులు)

పేర్ల గొడవ కూడా ఒకటి చెప్పాలి, దీనివల్ల ఒక రాత్రంతా వృథా చేసుకున్నాను కాబట్టి. అమెరికా పద్ధతిలో సింగిల్ క్రోషే అనేదాన్ని బ్రిటిష్ పద్ధతిలో డబుల్ క్రోషే అంటారు. అమెరికావాళ్ల డబుల్, బ్రిటిష్‌వాళ్లకి ట్రెబుల్. పేరు ఒకటే, కుట్టు వేరు, ఎత్తు దాదాపు రెట్టింపు. నేను ఒక బ్రిటిష్ నమూనాని అమెరికా లెక్కలో చదువుకుని అల్లుకుంటూ పోయాను. బొటనవేలి మేజోడు కావాల్సింది కొంగకాలికి సరిపోయేట్టు వచ్చింది. గుర్తుపట్టడానికి ఒక ఉపాయం ఉంది. బ్రిటిష్ లెక్కలో సింగిల్ క్రోషే అనే పేరుతో కుట్టు రాయరు. నమూనాలో ఎక్కడైనా సింగిల్ అని కనబడిందంటే అది అమెరికా లెక్క. ఇవాళ నేను సింగిల్ అంటే అమెరికా సింగిల్, అంటే పొట్టి కుట్టు.

ఇప్పుడు అల్లుదాం. తెల్ల దారం తీసుకోండి. వేళ్ల కొస, మడమ, పై అంచు తెలుపు. పాదం, కాలు ఎరుపు. వేళ్ల కొస నుంచి మొదలుపెట్టి పైకి పోతాం. దారాన్ని వేలికి ఒక చుట్టు చుట్టి, ఆ చుట్టులోకే ఆరు సింగిల్ క్రోషేలు వేసి, తోక, అంటే వదిలేసిన దారం కొస, లాగితే మధ్యలో రంధ్రం మూసుకుపోతుంది. దీన్నే మ్యాజిక్ రింగ్ అంటారు.

ఆరే ఎందుకు, ఐదో ఎనిమిదో ఎందుకు కాదు అని ఒక అమ్మాయి క్రితంసారి అడిగింది. మంచి ప్రశ్న. సింగిల్ క్రోషే ఎత్తూ వెడల్పూ ఇంచుమించు సమానం. వృత్తం వ్యాసార్ధం ఒక కుట్టు పెరిగితే చుట్టుకొలత రెండు పైలు పెరుగుతుంది, అంటే 6.28. బళ్లో చదువుకున్న లెక్కే. అందుకని చుట్టుకి ఆరు చొప్పున పెంచుకుంటూ పోతే పళ్లెంలా చదునుగా వస్తుంది. డబుల్ క్రోషే ఎత్తు రెట్టింపు కాబట్టి దానికి పన్నెండు చొప్పున పెంచుతారు. మొదటి చుట్టు ఆరు. రెండో చుట్టులో ప్రతి కుట్టులో రెండేసి, పన్నెండు. మూడో చుట్టులో పెంచడం ఆపేస్తాం. పెంచకపోతే ఏమవుతుంది? పళ్లెం అంచులు పైకి లేస్తాయి, గిన్నె అవుతుంది. ఆ గిన్నే మేజోడు మొన. తెలుపు ముప్ఫై కుట్లు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి గిన్నెని తిప్పి చూడండి. ఒకవైపు చిన్న చిన్న వి అక్షరాలు కనిపిస్తాయి, రెండోవైపు అడ్డగీతలు. వి అక్షరాలున్నది బయటివైపు. చాలామందికి గిన్నె తనంతట తాను తిరగబడి లోపలివైపు బయటికి వచ్చి ఉంటుంది. ఇప్పుడే వేలితో తోసి సరిచేసుకోండి. మడమ దాటాక ఇంత సన్నటి గొట్టాన్ని తిరగెయ్యాలంటే పెన్సిల్, ఓర్పు, కొంచెం తిట్లు అవసరమవుతాయి.

రంగు మార్చడం. తెలుపు చివరి కుట్టు పూర్తిగా అయ్యాక ఎరుపు అందుకుంటే ఆలస్యమైనట్టే. ఎందుకంటే హుక్ మీద మిగిలిన ఉచ్చే తర్వాతి కుట్టుకి నెత్తి అవుతుంది. ఎర్ర కుట్టుకి తెల్ల టోపీ పెట్టినట్టుంటుంది. తెలుపు చివరి కుట్టులో హుక్ మీద రెండు ఉచ్చులు ఉండగానే ఆగి, ఎర్ర దారాన్ని అందుకుని, దాన్ని ఆ రెండింట్లోంచి లాగండి. ఇప్పుడు హుక్ మీద ఉన్నది ఎరుపు. ఆ ఒక్క ఉచ్చు తేడా దూరం నుంచి చూసినా తెలుస్తుంది.

ఎరుపుతో నాలుగు చుట్లు, పన్నెండేసి. చుట్టు చుట్టుకీ ముడి వెయ్యకుండా మెట్ల బావిలో దిగినట్టు తిరుగుతూ పోవడమే. చుట్టు ఎక్కడ మొదలైందో తెలియడానికి మొదటి కుట్టులో స్టిచ్ మార్కర్ పెట్టుకోండి, లేదా వేరే రంగు దారం ముక్క. పిన్నీసు కూడా పనికొస్తుంది, నేను ఇప్పటికీ అదే వాడతాను. ఒక సంగతి గమనిస్తారు. మార్కర్ ఒకే గీత మీద నిలబడదు, చుట్టు చుట్టుకీ కొంచెం కొంచెం పక్కకి జరుగుతుంది. కుడిచేతివాళ్లకి కుడివైపుకి. మీ తప్పేం లేదు, ప్రతి కుట్టూ కింది కుట్టు మీద సూటిగా కూర్చోకుండా కాస్త పక్కకి కూర్చుంటుంది, అది దాని స్వభావం. దీని గురించి బెంగపెట్టుకోవద్దు గానీ గుర్తుపెట్టుకోండి, మడమ దగ్గర దీనితో పనుంది.

ఇప్పుడు మడమ. అసలు మడమ ఎందుకు కావాలి? గొట్టం తిన్నగా పోతుంది. కాలు తిన్నగా పోదు, పాదం దగ్గర మలుపు తిరుగుతుంది. మలుపులో బయటివైపు దూరం ఎక్కువ, లోపలివైపు తక్కువ. రోడ్డు మలుపులో బయటి చక్రం ఎక్కువ తిరిగినట్టే. మనం గొట్టాన్ని ఊరికే వంచితే లోపలివైపు గుడ్డ ముడతలు పడుతుంది, బయటివైపు సాగి పలచబడుతుంది. నా ఎల్బోకి జరిగింది అదే. బయటివైపుకి మాత్రమే అదనంగా కొంత గుడ్డ ఇవ్వాలి. ఆ అదనపు గుడ్డ పేరే మడమ. మీ కాలికున్న మేజోడు తీసి చూసుకున్నా ఇదే కనిపిస్తుంది. అక్కడ అరవై కుట్లో డెబ్భై కుట్లో ఉంటాయి, ఇక్కడ ఆరు.

చెయ్యాల్సింది ఇది. తెల్ల దారం అందుకుని పన్నెండు కుట్లలో ఆరింటి మీదే సింగిల్ క్రోషే వెయ్యండి. మిగతా ఆరింటిని ముట్టుకోవద్దు, అవి పాదం పైభాగం. ఏ ఆరు? ఇందాక రంగు మార్చినచోట చిన్న మెట్టులాంటి తేడా కనిపిస్తుంది చూశారా, అది అరికాలి వైపుకి వచ్చేట్టు చూసుకోండి. అవసరమైతే ఎరుపుతోనే రెండు మూడు కుట్లు ఎక్కువ వేసి ముందుకు జరగండి. మార్కర్ జరుగుతుందని అందుకే చెప్పాను. ఆరు అయ్యాక అల్లికని వెనక్కి తిప్పి, ఒక గొలుసు కుట్టు వేసి, మళ్లీ ఆరు. మళ్లీ తిప్పి, ఒక గొలుసు, మళ్లీ ఆరు. మొత్తం మూడు వరసలు, పద్దెనిమిది కుట్లు. తిప్పేటప్పుడు వేసే ఆ గొలుసు కుట్టుని కుట్టుగా లెక్కపెట్టద్దు, దానిలో అల్లద్దు. అక్కడే ఆరు కాస్తా ఏడవుతుంది, లేదా చివరిది మర్చిపోతే ఐదవుతుంది. వరస అయిన ప్రతిసారీ వేలు పెట్టి లెక్కపెట్టండి. ఆరేగా అని బద్ధకించద్దు.

ఇప్పుడు మీ చేతిలో ఉన్నది చూస్తే ఏడుపొస్తుంది. ఒక ఎర్ర గొట్టం, దానికి కిందనుంచి తెల్లటి నాలుక వేలాడుతూ ఉంటుంది. కుక్కపిల్ల ఎండలో నిలబడ్డట్టు. చాలామంది ఇక్కడే, తప్పయిపోయిందనుకుని విప్పేస్తారు. ఒకావిడ నా ఎదురుగానే మూడుసార్లు విప్పింది, మూడుసార్లూ సరిగ్గానే వేసింది. విప్పద్దు. దారాన్ని ఒక జానెడు ఉంచి కత్తిరించి చివరి ఉచ్చులోంచి లాగెయ్యండి. మొద్దు సూదికి ఎక్కించండి. ఇప్పుడు ఆ నాలుక చివరి వరసని సరిగ్గా మధ్యకి మడవండి, మూడు కుట్లు ఇటు, మూడు అటు. ఆ రెండు అంచుల్నీ కలిపి కుట్టండి. మూడే మూడు పోట్లు.

ఇదిగో, ఇది చూడండి. వెనకవాళ్లు కాస్త లేచి నిలబడండి. నాలుకగా ఉన్నప్పుడు ఇది. కుట్టాక ఇది. బల్లపరుపుగా ఉన్నది గిన్నెలా లోతు తిరిగింది కదా? వేలు పెడితే మీ వేలి కొస అందులో కూర్చుంటుంది. ఆ గిన్నే మడమ. నేను ఇవి ఎన్ని అల్లానో లెక్కలేదు గానీ, ఈ మూడు పోట్లు వేసి దారం లాగినప్పుడు ఆ గుడ్డ ముక్క ఒక్కసారిగా కాలి ఆకారం తెచ్చుకోవడం చూస్తే ఇప్పటికీ ముచ్చటేస్తుంది. మా పిన్నికి ఇలా అల్లిన మొదటిది పట్టుకెళ్లినప్పుడు ఆవిడ ఏమీ అనలేదు. తన కళ్లజోడు డబ్బాలో పెట్టేసుకుంది. అంతే, మళ్లీ నాకు తిరిగి రాలేదు అది.

ఇప్పుడు కాలు. ఎర్ర దారాన్ని మడమ వెనక, ఆ కుట్టు గీత పైకొసన అతికించండి. నాలుక పక్క అంచు వెంట మూడు కుట్లు, ఇందాక వదిలేసిన ఆరు కుట్ల మీద ఆరు, అవతలి పక్క అంచు వెంట మూడు. మూడూ ఆరూ మూడూ పన్నెండు. లెక్క కుదిరిపోయింది కదా అనిపిస్తుంది. కానీ అలా అల్లితే నాలుక పాదాన్ని కలిసే రెండు మూలల దగ్గర చెరో చిల్లు మిగులుతుంది. అగ్గిపుల్ల దూరేంత. పెద్ద మేజోళ్లు అల్లేవాళ్లకి ఈ చిల్లులతో పాత పరిచయమే. మందు సులువు. ఒక్కో మూలలో ఒక కుట్టు అదనంగా వెయ్యండి, మొత్తం పద్నాలుగు. తర్వాతి చుట్టులో ఆ అదనపు కుట్టునీ దాని పక్కదాన్నీ కలిపి ఒకటిగా అల్లెయ్యండి, పన్నెండుకి దిగుతుంది. ప్రతి కుట్టు నెత్తిన రెండు పోగులుంటాయి, మీవైపున్నది ముందు పోగు, అవతలిది వెనక పోగు. కలిపేటప్పుడు రెండు కుట్ల ముందు పోగుల్లోకి మాత్రమే హుక్ దూర్చితే ఆ కలిపిన చోటు కనబడదు. ఆ తర్వాత పన్నెండేసి నాలుగు చుట్లు. కాలు మొత్తం డెబ్భై నాలుగు కుట్లు.

పై అంచు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. తెలుపుతో మూడు చుట్లు. మొదటి చుట్టులో వెనక పోగులోకి మాత్రమే అల్లితే ఎరుపు తెలుపుల మధ్య సన్నటి గట్టులాంటి గీత వస్తుంది, బావుంటుంది. అంచు మడిచినట్టు కావాలంటే ఇంకో రెండు మూడు చుట్లు వేసి మడుచుకోవచ్చు, అయితే అప్పుడు లోపలివైపు బయటికి కనిపిస్తుంది, కాబట్టి తెలుపు మొదలుపెట్టగానే అల్లికని తిప్పి ఎదురు దిశలో అల్లాలి. నాకు మడత నచ్చదు. ఇంత చిన్నదానికి మడతపెడితే మెడకి పట్టీ వేసినట్టుంటుంది.

వేలాడదీసే ఉచ్చు ఎక్కడ వెయ్యాలి? మార్కర్ చెప్పినచోట ఆగిపోవద్దు, అది ఎప్పుడో పక్కకి జరిగిపోయింది. మడమ కుట్టుకి సూటిగా పైకి వచ్చేదాకా ఇంకో రెండు మూడు కుట్లు వెయ్యండి. అక్కడినుంచి పదిహేను గొలుసు కుట్లు వేసి, మొదలుపెట్టినచోటే స్లిప్ స్టిచ్‌తో, అంటే ఎత్తు లేకుండా కలిపే కుట్టుతో, కలపండి. బరువంతా పాదం వైపు ఉంటుంది కాబట్టి వెనక అంచున తగిలిస్తే మొన కాస్త కిందికి వాలి వేలాడుతుంది. ముందువైపు తగిలిస్తే మొన పైకి లేచి ఎవరినో తన్నబోతున్నట్టుంటుంది. మీ ఇష్టం.

అన్నీ కలిపి ఎన్ని కుట్లయ్యాయో ఎవరైనా లెక్కపెట్టారా? మొన ముప్ఫై, పాదం నలభై ఎనిమిది, మడమ పద్దెనిమిది, కాలు డెబ్భై నాలుగు, అంచు ముప్ఫై ఆరు. మొత్తం 206. సరిగ్గా పెద్దవాళ్ల ఒంట్లో ఉండే ఎముకలన్ని. ఇందులో రహస్యమేమీ లేదు, ఊరికే కలిసింది, కానీ నాకు మాత్రం భలే ఇష్టం.

(నవ్వులు)

ఇక ఎవరూ ముందుగా చెప్పని సంగతి, తోకలు. రంగు మార్చిన ప్రతిసారీ ఒక దారం తెగుతుంది, ఒకటి మొదలవుతుంది. మొనకి రెండు, పాదానికి రెండు, మడమకి రెండు, కాలికి రెండు, అంచుకి రెండు. ఆరు సెంటీమీటర్ల వస్తువుకి పది తోకలు! క్యాలెండర్ కోసం ఇరవై నాలుగు అల్లానన్నాను కదా, రెండొందల నలభై తోకలు. అల్లడం అయిపోయిందని సంబరపడి బల్ల మీద పోస్తే ముళ్లపందుల గుంపులా ఉన్నాయి. రెండు సాయంత్రాలు పట్టింది సర్దడానికి. అందుకే ఇప్పుడు రంగు మార్చిన వెంటనే, ఇంకా నాలుగు కుట్లు కూడా పడకముందే, తోకల్ని లోపలికి తోసి రెండింటినీ ముడేసేస్తాను. ముడి వెయ్యకూడదు, సూదితో కుట్లలోకి దూర్చి మాయం చెయ్యాలి అని పెద్దవాళ్లు అంటారు. ఒంటికి వేసుకునేదానికి అది నిజం, ముడి గుచ్చుకుంటుంది. దీన్ని ఎవరూ కాలికి వేసుకోరు. ముడి వెయ్యండి, రెండు సెంటీమీటర్లు వదిలి కత్తిరించండి, లోపలే ఉంటుంది. అది చూసి మా పిన్ని మూతి తిప్పుతుందని తెలుసు, అయినా సరే. తోకలంటే మరీ విసుగైతే పై అంచు ఒక్కటీ తెలుపు పెట్టి మిగతాదంతా ఎరుపులో అల్లండి. మడమ కుట్టే దగ్గర దారం ఎటూ తెగుతుంది కాబట్టి ఆరు తోకలు తప్పవు, కానీ పదికి ఆరు మేలే.

ఇస్త్రీపెట్టె కథ చెప్తానన్నాను. ఒకసారి ఎవరికో ఇవ్వాల్సిన మేజోడు కొంచెం వంకరగా ఉందని, నీటుగా ఉంటుందని ఇస్త్రీపెట్టె ఆనించాను. ఒక్క రెండు సెకన్లు. ఆక్రిలిక్ అంటే ప్లాస్టిక్ జాతి. వి అక్షరాలన్నీ అణిగిపోయి నిగనిగలాడుతూ, తడిసిన కాగితంలా వేలాడిపోయింది. నీళ్లలో నానబెట్టినా తిరిగి రాలేదు. వంకర సరిచెయ్యాలంటే తడిపి, లోపల పెన్సిల్ కొస పెట్టి, వేళ్లతో ఆకారం దిద్ది ఆరబెట్టడమే. కాటన్‌కీ ఇదే సరిపోతుంది. ఈ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను, కొవ్వొత్తుల దగ్గర మాత్రం వీటిని వేలాడదీయకండి. అలాగే పాకే పిల్లలున్న ఇంట్లో గుండీలు, పూసలు కుట్టకండి, అందిన మేజోడు ముందు నోట్లోకే పోతుంది.

ఏదో చెయ్యి లేచింది. చెప్పండమ్మా.

(సభలోంచి: నాది ఎడమచేతి వాటం అండీ. ఇవన్నీ తిరగేసి చెయ్యాలా?)

లెక్కలు ఏవీ మారవు. ఆరు, పన్నెండు, మడమకి ఆరు మీద మూడు వరసలు, అన్నీ అంతే. దిశ మారుతుంది. మీ మార్కర్ ఎడమవైపుకి జరుగుతుంది. నా పక్కన కూర్చుని చూస్తే చిరాకొస్తుంది, నా ఎదురుగా కూర్చోండి. నా కుడిచెయ్యి మీకు అద్దంలో మీ ఎడమచెయ్యిలా కనిపిస్తుంది. మా ఇంట్లో మా అబ్బాయికి అలాగే నేర్పాను.

ఇంకెవరైనా?

(సభలోంచి: మడమ దగ్గర ఆరు కాకుండా ఐదు వచ్చాయండి, ఇందాక ఇంట్లో చేసింది. పనికొస్తుందా?)

తెచ్చారా? ఏదీ, ఇటివ్వండి. ఊఁ. ఇక్కడ చూడండి, రెండో వరసలో ఈ కొస కుట్టు వదిలేశారు. మడిచి కుడితే రెండూ మూడూ అవుతుంది, మడమ పక్కకి తిరుగుతుంది. మూడు వరసలే కదా, ఇక్కడిదాకా విప్పుకుందాం, రండి, నా ఎదురుగా కూర్చోండి. మిగతావాళ్లు ఆ బుట్టలో హుక్కులు తీసుకోండి, 3.5వి పైన ఉన్నాయి. తెలుపుతో మొదలు.